వెస్ట్రీలో కూర్చుని ఆరాధించిన విశ్వాసి: జోసఫ్ కేరీ మెరిక్



విలియం కేరీ పేరు మన సంఘాలలో చాలామందికి తెలుసు. చెప్పులు కుట్టుకుంటూ భాషలు నేర్చుకుని, 1793లో మన దేశానికి ఓడ ఎక్కి, సెరాంపూర్‌లో అచ్చుయంత్రం పెట్టి ఎన్నో భారతీయ భాషలలో లేఖనాలను ముద్రించిన దైవజనుడు ఆయన. 1814లో ఆయన తెలుగు వ్యాకరణం, 1818లో తెలుగు కొత్త నిబంధన సెరాంపూర్‌లోనే అచ్చయ్యాయి. ఆ కేరీ మన దేశానికి రాకముందు ఇంగ్లాండులోని లెస్టర్ పట్టణంలో హార్వీ లేన్ బాప్టిస్టు సంఘానికి కాపరిగా ఉండేవారు.

ఆయన ఆ ఊరు విడిచి సుమారు 70 ఏళ్లు గడిచాక, 1862 ఆగస్టు 5న, అదే లెస్టర్‌లో లీ స్ట్రీట్ అనే వీధిలో ఒక పేద దంపతులకు తొలిచూలు కొడుకు పుట్టాడు. తల్లి మేరీ జేన్ బాప్టిస్టు విశ్వాసి, సండే స్కూల్‌లో పిల్లలకు వాక్యం చెప్పేది. ఆమె ఆ బిడ్డ పేరులో కేరీ అన్న మాట చేర్చింది. జోసఫ్ కేరీ మెరిక్ అని పిలుచుకుంది. ఆ మిషనరీ లాగా తన బిడ్డ కూడా ప్రభువుకు పనికిరావాలని ఏ తల్లి అయినా కోరుకునే కోరికే ఆ పేరులో ఉంది.

లోకం మాత్రం ఆ పేరును పక్కన పెట్టి అతనికి ఏనుగు మనిషి అని పేరు పెట్టింది. నాటకాలు వచ్చాయి, 1980లో ఒక ప్రసిద్ధ చలనచిత్రం వచ్చింది. అతని రూపం గురించి విన్నవారు కోట్లమంది. అతను ప్రార్థనాపరుడని, ఆరాధన కోసం ఆశపడిన విశ్వాసి అని విన్నవారు బహు తక్కువ. 27 ఏళ్లే బ్రతికిన ఆ మనిషి జీవితాన్ని ఈ వారం ధ్యానిద్దాం.

తల్లి ఒడిలో

పుట్టినప్పుడు జోసఫ్ అందరు బిడ్డల లాగే ఆరోగ్యంగా ఉన్నాడు. రెండేళ్లు నిండకముందే పెదవులు వాయడం మొదలైంది. తర్వాత నుదుటి మీద ఎముక గడ్డలా పెరిగింది. చర్మం కొన్నిచోట్ల వదులై, ముడతలుపడి, గరుకుగా తయారైంది. కుడిచెయ్యి, రెండు పాదాలు అసాధారణంగా పెరిగాయి. ఎడమచెయ్యి మాత్రం మామూలుగానే, సన్నగా, అందంగా ఉండిపోయింది. పైదవడ నుండి పెరిగిన కండ నోటిని నింపేయడంతో తినడం, మాట్లాడడం కష్టమైంది. చిన్నతనంలోనే కిందపడి ఎడమ తుంటికి దెబ్బ తగిలింది. అది చీము పట్టి, జీవితాంతం కుంటి నడకే మిగిలింది.

ఆ తల్లిదండ్రులు దీనికి ఒక కారణం చెప్పుకున్నారు. మేరీ జేన్ గర్భవతిగా ఉన్నప్పుడు లెస్టర్ సంతకు జంతువుల ప్రదర్శన వచ్చిందట. ఆ రద్దీలో ఆమె ఒక ఏనుగు ముందు పడి భయపడిందట. ఆ భయమే బిడ్డ మీద ముద్ర వేసిందని వారు నమ్మారు. జోసఫ్ కూడా చనిపోయేవరకు అదే నమ్మాడు.

ఈ నమ్మకం మనకు కొత్తది కాదు. పెదవి చీలి పుట్టిన బిడ్డకు మన భాషలో ఉన్న పేరేమిటి? గ్రహణం మొర్రి. గ్రహణం రోజున తల్లి బయటికి వచ్చిందని, కత్తిపీట పట్టుకుందని, ఏదో కోసిందని, నేరమంతా ఆ పేరులోనే తల్లి మీదికి నెట్టేశాం. లెస్టర్‌లో ఏనుగు, మన పల్లెల్లో గ్రహణం. పేరు మారింది, నింద మోసేది మాత్రం రెండుచోట్లా తల్లే.

మేరీ జేన్ ఆ నింద మోస్తూనే కొడుకును సాకింది. ఆమెకు కూడా ఏదో అవిటితనం ఉండేదని చెబుతారు. ఆమె పిల్లల్లో విలియం ఆర్థర్ అనే కొడుకు 1870లో నాలుగేళ్ల వయసులో స్కార్లెట్ జ్వరంతో చనిపోయాడు. మేరియన్ అనే కూతురు అవిటిదై పుట్టింది. ఇన్ని భారాల మధ్య జోసఫ్‌ను ఆమె దాచిపెట్టలేదు, బడికి పంపింది, చదువు నేర్పించింది. 1873 మే నెలలో న్యుమోనియాతో ఆమె కన్నుమూసేనాటికి జోసఫ్‌కు ఇంకా 11 ఏళ్లు నిండలేదు. తన జీవితంలో అన్నిటికంటే పెద్ద దుఃఖం అదేనని అతను తర్వాత చెప్పుకున్నాడు. తల్లి చిత్రం ఒకటి అతను ఎక్కడికి వెళ్లినా దగ్గరే ఉంచుకున్నాడు.

తలుపులు మూసుకున్న ఊరు

తండ్రి మరుసటి ఏడాదే మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. సవతి తల్లికి అప్పటికే సొంత పిల్లలున్నారు. ఆ ఇంట్లో జోసఫ్ తినే ప్రతి ముద్దకూ లెక్క వచ్చింది. బడి ముగిశాక ఒక చుట్టల ఫ్యాక్టరీలో చుట్టలు చుట్టే పనికి కుదిరాడు. సుమారు రెండేళ్లు గడిచేసరికి కుడిచెయ్యి బరువెక్కి ఆ పని సాగలేదు. అప్పుడు తండ్రి తన కొట్టులోని దారాలు, గుండీలు, చేతిరుమాళ్ల వంటి సరుకులు ఇచ్చి, లైసెన్సు తీయించి, ఇంటింటికీ తిరిగి అమ్ముకురమ్మన్నాడు.

ఆ పని ఎలా సాగుతుంది? తలుపు తీసిన ఇల్లాలు అతని ముఖం చూసి తలుపు మూసేది. అతను చెప్పేది ఎవరికీ అర్థమయ్యేది కాదు. వీధిలో నడుస్తుంటే జనం గుమిగూడి వెంటపడేవారు. సరుకు అమ్ముడుపోక సాయంత్రం ఇంటికి వస్తే తిట్లు, తిండికి కోత. ఒకరోజు చావుదెబ్బలు తిన్నాక అతను ఆ ఇల్లు విడిచి మళ్లీ వెళ్లలేదు.

అప్పుడు చేరదీసినవాడు తండ్రి తోడబుట్టిన చార్లెస్. అదే ఊరిలో క్షౌరశాల నడుపుకునే సామాన్యుడు. తన పిల్లలతో పాటు జోసఫ్‌కు కూడా చోటిచ్చాడు. సుమారు రెండేళ్లు అక్కడే ఉండి జోసఫ్ తిరుగుడు వ్యాపారమే చేశాడు. చివరికి అతని వెంట జనం గుంపుకూడుతున్నారని అధికారులు లైసెన్సు కొనసాగించలేదు. చార్లెస్ సంసారం పెరుగుతోంది. వారికి భారం కాకూడదని, 1879 డిసెంబరు చివరి వారంలో, 17 ఏళ్ల వయసులో, జోసఫ్ తనంతట తానే లెస్టర్ వర్క్‌హౌస్‌కు వెళ్లి చేరాడు.

వర్క్‌హౌస్ అంటే ఆనాటి ఇంగ్లాండులో దిక్కులేనివారికి ప్రభుత్వం తరఫున నడిచే ఆశ్రమం. కూడు, గుడ్డ ఇస్తారు, బదులుగా పని చేయించుకుంటారు. అక్కడికి చేరడమంటే పరువు పోయినట్టే, బయటపడే దారి లేనట్టే అని పేదలు వణికిపోయేవారు. మూడు నెలలు కాకముందే జోసఫ్ అక్కడి నుండి బయటికి వచ్చి పని వెతికాడు. రెండు రోజుల్లోనే తిరిగి వెళ్లవలసి వచ్చింది. ఈసారి నాలుగేళ్లు ఉన్నాడు. అక్కడి వైద్యులు నోటి నుండి వేలాడుతున్న కండను శస్త్రచికిత్స చేసి తీసివేయడంతో తినడానికి కొంత వీలు కలిగింది.

తెర వెనుక మనిషి

వర్క్‌హౌస్‌లో ముసలివాడయ్యేవరకు పడి ఉండడమా, తన రూపాన్నే చూపించి బ్రతకడమా? జోసఫ్ రెండోదాన్ని ఎంచుకున్నాడు. లెస్టర్‌లో వినోదశాల నడిపే సామ్ టార్ అనే గాయకుడికి తానే ఉత్తరం రాశాడు. 1884 ఆగస్టులో వర్క్‌హౌస్ గేటు దాటి బయటికి వచ్చాడు. కొద్ది నెలలకు లండన్‌లో టామ్ నార్మన్ అనే ప్రదర్శకుడి దగ్గరికి చేరాడు. వైట్‌చాపెల్ రోడ్డులో, లండన్ హాస్పిటల్‌కు ఎదురుగా ఉన్న ఒక అద్దె దుకాణంలో తెర కట్టి, డబ్బిచ్చినవారికి తెర తీసి అతన్ని చూపించేవారు.

ఇక్కడ మనం తొందరపడి తీర్పు తీర్చకూడదు. తర్వాత వచ్చిన పుస్తకాలు, సినిమాలు ప్రదర్శకులను క్రూరులుగానే చూపించాయి. నార్మన్ చెప్పిన సంగతి వేరు. వచ్చిన డబ్బులో జోసఫ్‌కు వాటా ఉండేదని, అతన్ని ఎవరూ కొట్టలేదని ఆయన అన్నాడు. నిజంగానే జోసఫ్ ఆ రోజుల్లో 50 పౌండ్ల వరకు కూడబెట్టుకున్నాడు. పేదవాడికి అది పెద్ద సొమ్ము. ఎవరి మీదా ఆధారపడకుండా ఒక చిన్న ఇల్లు చూసుకోవాలని అతని ఆశ.

ఎదుటి ఆస్పత్రిలో పనిచేసే ఫ్రెడరిక్ ట్రీవ్స్ అనే 31 ఏళ్ల శస్త్రవైద్యుడు ఆ దుకాణానికి వచ్చాడు. జోసఫ్‌ను ఆస్పత్రికి పిలిపించి, కొలతలు తీసుకుని, 1884 డిసెంబరు 2న లండన్‌లోని వైద్యుల సభ ముందు నిలబెట్టి చూపించాడు. వెళ్లేటప్పుడు తన పేరున్న కార్డు ఒకటి ఇచ్చాడు. ఇక ఆస్పత్రికి రానని, బట్టలు విప్పి నిలబెడితే సంతలో పశువులా అనిపించిందని జోసఫ్ అన్నట్టు నార్మన్ తర్వాత చెప్పాడు. దుకాణంలో చూసినవారు తమ కుతూహలం కోసం చూశారు, సభలో చూసినవారు తమ చదువు కోసం చూశారు. చూడబడిన మనిషికి ఆ రోజు రెండింటికీ పెద్ద తేడా కనిపించలేదు.

ఇలాంటి ప్రదర్శనలను పోలీసులు మూయించసాగారు. జోసఫ్‌ను ఐరోపాకు తీసుకుపోయారు. అక్కడా ఆదరణ లేదు. 1886 జూన్‌లో బ్రస్సెల్స్‌లో అతని వెంట ఉన్న మేనేజరు అతని 50 పౌండ్లు దోచుకుని నడివీధిలో వదిలేసి పోయాడు.

తెలియని దేశం, రాని భాష, అర్థం కాని నోరు. మొహం మీద గుడ్డ ముసుగు, ఒంటి నిండా నల్లని పొడవాటి అంగీ. ఆస్టెండ్ రేవులో ఓడ ఎక్కనివ్వలేదు. ఆంట్వెర్ప్ వెళ్లి అక్కడి నుండి ఓడలో హార్విచ్ చేరి, రైలెక్కి లండన్‌లోని లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్‌లో దిగాడు. జనం మూగారు. ఆకలి, దగ్గు, నీరసంతో అతను ఒక మూల కూలబడ్డాడు. పోలీసులు ఏమడిగినా అతను చెప్పేది వారికి తెలియలేదు. అప్పుడు అతని దగ్గర దొరికింది ట్రీవ్స్ ఇచ్చిన ఆ చిన్న కార్డు. సుమారు ఏడాదిన్నర పాటు, ఇన్ని దేశాలు తిరిగినా, అన్నీ పోగొట్టుకున్నా, అతను ఆ కార్డు పోగొట్టుకోలేదు.

ఇల్లు అని పిలుచుకున్న చోటు

ట్రీవ్స్ వచ్చి అతన్ని ఆస్పత్రికి తీసుకువెళ్లాడు. కానీ అక్కడ ఒక చిక్కు ఉంది. లండన్ హాస్పిటల్ నయమయ్యే రోగుల కోసం ఉన్నది. నయం కాని జబ్బుతో జీవితాంతం ఉండే మనిషికి అక్కడ మంచం ఇవ్వడం నియమం కాదు. నయం కానివారి కోసమే ఉన్న సంస్థలను అడిగితే అవి తీసుకోలేమన్నాయి. ఆస్పత్రి పాలకవర్గం ఛైర్మన్ ఫ్రాన్సిస్ కార్ గామ్ 1886 డిసెంబరు 4న టైమ్స్ పత్రికలో ఒక ఉత్తరం ప్రచురించి, ఈ మనిషిని ఏం చేద్దామని దేశాన్ని అడిగారు. అతను వర్క్‌హౌస్‌కు తిరిగి వెళ్లాలంటే ఎంత భయపడుతున్నాడో కూడా రాశారు. జనం స్పందించారు. కొద్ది రోజుల్లోనే అతని పోషణకు సరిపడే కానుకలు వచ్చాయి. ఆస్పత్రి వెనుక, పాత మంచాలు బాగుచేసే ఆవరణకు ఆనుకుని ఉన్న రెండు గదులు అతనివయ్యాయి. ఆ గదుల్లో అద్దం పెట్టకూడదని ఆజ్ఞ.

మొదట్లో ట్రీవ్స్ ఇతనికి బుద్ధి వికసించలేదనుకున్నాడు. రోజూ వచ్చి కూర్చుని, ఆ ముద్దమాటలు అర్థం చేసుకోవడం నేర్చుకున్నాక తెలిసింది: ఇతను చక్కగా చదువుకున్నవాడు, పుస్తకాలంటే ప్రాణం, బైబిలు, ప్రార్థన పుస్తకం అతనికి బాగా పరిచయం. మేరీ జేన్ వేసిన విత్తనం వర్క్‌హౌస్‌లో, తెర వెనుక, పరాయి దేశపు వీధుల్లో కూడా చావలేదు.

ట్రీవ్స్ ఒక సంగతి గమనించాడు. అప్పటివరకు ఏ స్త్రీ కూడా భయపడకుండా అతని ముందు నిలబడలేదు. అందుకని తనకు తెలిసిన లీలా మాచురిన్ అనే యువ వితంతువును పిలిచి, గదిలోకి వెళ్లి చిరునవ్వుతో పలకరించి చెయ్యి కలపగలరా అని అడిగాడు. ఆమె అలాగే చేసింది. జోసఫ్ ఆమె చెయ్యి విడిచి, తల వంచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమె స్నేహం ఆ రోజుతో ఆగిపోలేదు. ఆమె పంపిన పుస్తకానికి కృతజ్ఞత చెబుతూ అతను రాసిన ఉత్తరం ఇప్పటికీ ఉంది. 1887 మేలో వేల్స్ యువరాణి అలెగ్జాండ్రా ఆస్పత్రికి వచ్చి అతనితో చెయ్యి కలిపింది. తర్వాత తన సంతకం చేసిన ఫోటో, ఏటేటా క్రిస్మస్ కార్డు పంపింది. నటి మ్యాడ్జ్ కెండల్ అతనికి బుట్టలల్లడం నేర్పించే ఏర్పాటు చేసింది.

జోసఫ్ ఊరికే కూర్చోలేదు. మామూలుగా ఉన్న ఎడమచేత్తో అట్టముక్కలు అతికించి నమూనాలు చేసేవాడు. వాటిలో ఒకటి జర్మనీలోని మైన్జ్ కేథడ్రల్ రూపం. గోపురాలు, కిటికీలు, ఒక్కో రాయి గీత కనిపించేలా ఉన్న ఆ చిన్న దేవాలయాన్ని అతను మ్యాడ్జ్ కెండల్‌కు కానుకగా ఇచ్చాడు. దాన్ని తర్వాతివారు భద్రపరిచారు. పుచ్చుకోవడమే తప్ప ఇవ్వడానికి ఏమీ లేనివాడని అందరూ అనుకున్న మనిషి చేతినుండి వచ్చిన కానుక అది.

ఏడాదికి ఆరు వారాలు అతన్ని పల్లెకు పంపేవారు. నార్తాంప్టన్‌షైర్‌లో ఫాస్లీ అనే ఎస్టేటులో ఒక చిన్న ఇంట ఉండి, అడవి దారుల్లో ఎవరి కంటా పడకుండా నడిచేవాడు. పక్షుల పాటలు వినేవాడు. అడవిపూలు కోసి, ఎండబెట్టి ట్రీవ్స్‌కు ఉత్తరాల్లో పంపేవాడు. విలియం కేరీ పుట్టి పెరిగిందీ, చిన్నప్పుడు మొక్కలు, పురుగులు ఏరుకుంటూ తిరిగిందీ ఆ జిల్లాలోనే. తల్లి ఏ మనిషి పేరు పెట్టిందో ఆ మనిషి నేల మీదనే జోసఫ్ తన జీవితంలో కాస్త స్వేచ్ఛగా నడిచాడు.

వెస్ట్రీలోని ఆరాధన

ఆస్పత్రి చాప్లిన్ అతనికి క్రమంగా వాక్యం బోధించారు. ఆనాడు బెడ్‌ఫోర్డ్ బిషప్పుగా ఉండి తూర్పు లండన్ పేదల మధ్య సేవచేసిన వాల్షమ్ హౌ అతనికి ఏకాంతంగా కన్ఫర్మేషన్ ఇచ్చారు. ఆంగ్లికన్ సంఘాలు నేటికీ పాడుకునే కీర్తనలు రాసిన బిషప్పు ఆయన.

ఆదివారం ఆరాధనకు జోసఫ్ చాపెల్‌కు వచ్చేవాడు. అయితే బల్లల మీద అందరితో కూర్చునేవాడు కాదు. పక్కనున్న వెస్ట్రీలో, అంటే పాదిరిగారు అంగీ మార్చుకునే చిన్న గదిలో కూర్చుని, అక్కడి నుండే పాటలు విని, ప్రార్థనలో కలిసేవాడు. అతన్ని చూసి జనం కలవరపడకుండా, జనం చూపులకు అతను నలిగిపోకుండా చేసిన ఏర్పాటు అది.

1890 ఏప్రిల్ 6 ఈస్టరు ఆదివారం. ఆ రోజు అతను రెండుసార్లు ఆరాధనకు వచ్చాడు. ఉదయం ప్రభువు బల్లలో పాలుపొందాడు. చివరిసారి చాప్లిన్‌తో మాట్లాడినప్పుడు తనకు అందరూ చేసిన మేలుకు ఎంతో కృతజ్ఞత తెలిపి, తనను ఈ చోటికి తెచ్చింది దేవుని కనికరమేనని ఒప్పుకున్నాడు.

అయిదు రోజుల తర్వాత, ఏప్రిల్ 11 శుక్రవారం మధ్యాహ్నం, అతను మంచం మీద వెల్లకిలా పడి చనిపోయి ఉండడం చూశారు. తల బరువు వల్ల అతను ఎన్నడూ పడుకుని నిద్రపోలేదు. మోకాళ్లు ముడుచుకుని, వాటి మీద తల ఆనించి కూర్చునే నిద్రపోయేవాడు. ఆ రోజు అందరు మనుషుల లాగా పడుకుని నిద్రపోవాలని ప్రయత్నించి ఉంటాడని, తల వెనక్కి వాలి ప్రాణం పోయిందని ట్రీవ్స్ తలచాడు. విచారణలో శవాన్ని గుర్తుపట్టి చెప్పడానికి లెస్టర్ నుండి వచ్చినవాడు, ఒకప్పుడు తలుపు తీసిన ఆ చార్లెస్సే.

ఎవరి పాపం?

జోసఫ్‌కు వచ్చిన జబ్బేమిటి? 20వ శతాబ్దంలో చాలాకాలం దాన్ని న్యూరోఫైబ్రోమటోసిస్ అనుకున్నారు. 1986లో ఇద్దరు కెనడా వైద్యులు అది ప్రోటియస్ సిండ్రోమ్ అని వాదించారు. ఇప్పుడు ఎక్కువమంది నిపుణులు అటే మొగ్గుతారు. ఇది పది లక్షల మందిలో ఒకరికి కూడా కనిపించని జబ్బు. పుట్టినప్పుడు బిడ్డ మామూలుగానే ఉండి, సాధారణంగా ఆరు నెలల నుండి ఏడాదిన్నర లోపు ఎముకలు, చర్మం, కొవ్వు ఒక్కోచోట ఒక్కోరకంగా పెరగడం మొదలవుతుంది. 2011లో దాని కారణం తెలిసింది. గర్భంలో పిండం ఎదిగే తొలిదశలో ఏదో ఒక కణంలో ఏకేటీ1 అనే జన్యువు మారిపోతుంది. ఆ కణం నుండి వచ్చిన భాగాలు మాత్రమే అదుపు తప్పి పెరుగుతాయి. అందుకే జోసఫ్ కుడిచెయ్యి అలా, ఎడమచెయ్యి ఇలా. అది తల్లి నుండి గానీ తండ్రి నుండి గానీ వచ్చేది కాదు. తల్లి భయపడితే వచ్చేది అంతకన్నా కాదు. ఏనుగుకు దీనితో సంబంధం లేదు. అలాగే పెదవి చీలికకు గ్రహణంతో సంబంధం లేదు.

యోహాను సువార్త 9వ అధ్యాయంలో శిష్యులు పుట్టుగుడ్డివాణ్ణి చూసి అడిగిన ప్రశ్న మనకు తెలుసు. పాపం వీడిదా, వీడి కన్నవారిదా అని. ప్రభువు ఆ రెండూ కాదన్నారు. ప్రభువు కొట్టివేసిన ప్రశ్నను మనం ఇంకా ఎందుకు అడుగుతున్నాం? ముఖం వంకరగా, పళ్లు సరిగా రాకుండా, చర్మం మచ్చలతో పుట్టిన బిడ్డను ఎత్తుకుని ఒక తల్లి గుడిలోకి వస్తే, ఆమె కడుపులో ఉన్నప్పుడు ఏం చేసిందోనని గుసగుసలాడేది ఎవరు? ప్రార్థన చేసినా నయం కాకపోతే విశ్వాసం చాలలేదని ఆమె నెత్తిన ఇంకో రాయి పెట్టేది ఎవరు?

ఇలాంటి బిడ్డల తల్లిదండ్రులకు ఒక మాట. దాచిపెట్టకండి. గ్రహణం మొర్రిని శస్త్రచికిత్సతో సరిచేయవచ్చు, తొలి నెలల్లోనే చూపిస్తే మరీ మంచిది. పుట్టుకతో వచ్చిన లోపాలను గుర్తించి ఉచితంగా వైద్యం చేయించడానికి 2013 నుండి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం నడుస్తోంది. 18 ఏళ్ల లోపు పిల్లలకు అది వర్తిస్తుంది. అంగన్‌వాడీలో గానీ, ప్రభుత్వ ఆస్పత్రిలో గానీ అడగండి. ప్రార్థన, వైద్యం ఒకదానికొకటి శత్రువులు కావు. జోసఫ్ గదిలోకి చాప్లిన్, డాక్టరు ఇద్దరూ వచ్చారు.

సంఘానికి ఒక మాట. జోసఫ్ జీవితాన్ని మార్చినవి పెద్ద అద్భుతాలు కావు. చిన్నాయన ఇంట దొరికిన ఒక మూల, వైద్యుడు ఇచ్చిన ఒక కార్డు, ఒక స్త్రీ చాపిన చెయ్యి, రోజూ వచ్చి కూర్చుని అతని మాట అర్థమయ్యేదాకా ఓపికపట్టిన ఒక స్నేహితుడు. వీటిలో మన చేత కానిది ఏదీ లేదు. అలాగే ఒక హెచ్చరిక కూడా ఉంది. అంతగా ప్రేమించిన ట్రీవ్స్ 1923లో తాను రాసిన పుస్తకంలో అతని పేరు తప్పుగా జాన్ అని రాశాడు, తల్లి అతన్ని విడిచిపెట్టిందని రాశాడు. చివరివరకు సాకిన ఆ తల్లి మీద ఎన్నో ఏళ్లు ఆ నింద నిలిచింది. జాలి చూపించడం వేరు, మనిషిని తెలుసుకోవడం వేరు. ప్రార్థన కూడికలో అవిటి బిడ్డను ముందుకు పిలిచి అందరికీ చూపించి కన్నీళ్లు తెప్పించేముందు ఆ బిడ్డ పేరేమిటో, దేనికి నవ్వుతాడో, ఏ పాట ఇష్టమో అడిగి తెలుసుకుందాం.

జోసఫ్ అస్థిపంజరం నేటికీ లండన్‌లో వైద్య కళాశాల ఆధీనంలో ఉంది. అతను క్రైస్తవుడు గనుక లెస్టర్‌లో క్రైస్తవ మర్యాదలతో సమాధి చేయాలని కొందరు అడుగుతున్నారు. ఆ నిర్ణయం అక్కడివారిది. మన ముందున్న నిర్ణయం వేరు. 1890 ఈస్టరు ఉదయం పునరుత్థాన కీర్తనలు పాడుతున్న సంఘానికీ, అదే ప్రభువును స్తుతిస్తున్న జోసఫ్‌కూ మధ్య ఒక గోడ ఉంది. మన ఊరి మందిరంలో ఆ గోడ ఉందా? చూపులకు భయపడి చివరి బల్ల దగ్గర, గుమ్మం బయట, లేదా అసలు ఇంట్లోనే ఆగిపోయిన బిడ్డ ఎవరో మీ సంఘంలో మీకు తెలిసే ఉంటుంది. వచ్చే ఆదివారం వారింటికి వెళ్లి, చెయ్యి పట్టుకుని తీసుకువచ్చి, మీ పక్కనే కూర్చోబెట్టుకోండి.